గేమింగ్, 4కె ఎడిటింగ్ రెండూ చెయ్యాలి: రైజెన్ 5 3600 సిస్టమ్‌లో ముందు ఏది మార్చాలి, లేక మొత్తం కొత్తదే కట్టాలా?

రాత్రిపూట_రెండర్:

అందరికీ నమస్తే. మీరంతా ఇక్కడ రాసేవి చాలాకాలంగా చదువుతున్నా కానీ పోస్ట్ పెట్టడం ఇదే ఫస్ట్. కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదివి చెప్పండి ప్లీజ్.

నా సిస్టమ్ ఇది: రైజెన్ 5 3600, బి450 బోర్డు, 8 జీబీ స్టిక్కులు రెండు (డిడిఆర్4), జీటీఎక్స్ 1660 సూపర్ 6 జీబీ, విండోస్ ఉన్నది 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీలో, ఫుటేజ్ అంతా 2 టీబీ హార్డ్ డిస్క్‌లో, పవర్ సప్లై 450 వాట్స్, మానిటర్ 1080పీ 60 హెర్ట్జ్. కొన్నప్పుడు గేమ్స్ ఆడుకోడానికే కొన్నా, ఎడిటింగ్ అనే ఆలోచనే లేదు అప్పట్లో.

ఇప్పుడు ఎడిటింగే ఎక్కువైపోయింది. మిర్రర్‌లెస్ కెమెరాలో 4కె 10 బిట్ 4:2:2 షూట్ చేస్తా, ఫోన్‌లో తీసిన క్లిప్పులు కూడా మధ్యలో కలుస్తాయి, ఎడిట్ చేసేది ప్రీమియర్ ప్రోలో. టైమ్‌లైన్ మీద ప్లే కొడితే ఒకటి రెండు సెకన్లు బానే ఉంటుంది, తర్వాత ఫ్రేమ్స్ పడిపోతాయి, పైన ఇంకో లేయర్ పెట్టి కలర్ వేశానంటే ఇక ఆగి ఆగి నడుస్తుంది, ఏ ఫ్రేమ్ దగ్గర కట్ చెయ్యాలో కూడా తెలియట్లేదు. గేమ్స్ విషయానికొస్తే 1440పీ 144 హెర్ట్జ్ మానిటర్‌కి మారాలని ఉంది, ఈ కార్డుతో అది అవ్వదని నాకే అర్థమవుతోంది.

అడిగిన ప్రతివాళ్లూ తలో మాట చెప్తున్నారు. ఒకళ్లు ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5కి వెళ్లిపో, నీ బోర్డులో ఉన్న పాత ఏఎం4 పని అయిపోయింది అంటారు. ఇంకొకళ్లు ఉన్న బోర్డులోనే 5800ఎక్స్3డి ప్రాసెసర్ వేసెయ్ చాలు అంటారు. ఇంకొకళ్లు ఎడిటింగ్ అంటే ఇంటెల్లే, క్విక్ సింక్ ఉంటుంది అంటారు. అన్నీ ఒకేసారి కొనే పరిస్థితి లేదు, విడతలవారీగా అయితే కొనగలను. ముందు దేని మీద పెడితే తేడా కనిపిస్తుంది?


బయోస్‌బాబాయ్:

తమ్ముడూ, పార్టుల పేర్లు కాసేపు పక్కన పెట్టు. నీ సిస్టమ్ ఎక్కడ ఆగుతోందో అదే చెప్తుంది, ముందు దాన్ని అడుగు.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కు. అక్కడ నాలుగు చిన్న గ్రాఫులు ఉంటాయి, వాటిలో ఒకటి వీడియో డీకోడ్, అంటే కుదించిన వీడియోని విప్పే పని కార్డు ఎంత చేస్తోందో చూపించేది. లేకపోతే ఏదో ఒక గ్రాఫ్ పేరు పక్కన బాణం గుర్తు నొక్కి మార్చుకో. ఇప్పుడు ప్రీమియర్‌లో ఖాళీ టైమ్‌లైన్ తీసుకుని ఫోన్ క్లిప్ ఒక్కటే పెట్టి ప్లే చెయ్, ఎఫెక్ట్స్ ఏమీ వద్దు. వీడియో డీకోడ్ ఎంత, ప్రాసెసర్ ఎంత అని చూడు. తర్వాత కెమెరా క్లిప్ ఒక్కటే పెట్టి అదే చూడు. ఈ రెండింటి మధ్య తేడాలోనే సగం సమాధానం ఉంటుంది.

గేమ్ ఆడేటప్పుడు జీపీయూ వాడకం 97, 98 శాతం దగ్గర ఉంటే ఆపుతున్నది కార్డే. అది 60, 70 దగ్గర ఉండి ఫ్రేమ్స్ తక్కువ వస్తున్నాయంటే ప్రాసెసర్ వైపు చూడాలి. ఇక్కడ చాలామంది ఏం చేస్తారంటే సీపీయూ మొత్తం శాతం చూసి 40 మాత్రమే ఉంది కదా, ప్రాసెసర్ ఖాళీగానే ఉంది అనుకుంటారు. నీదానికి 12 థ్రెడ్లు, అందులో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తంలో అది 8 శాతమే కనిపిస్తుంది. గేమ్‌లో మెయిన్ థ్రెడ్ ఒక్కటి ఇరుక్కుంటే మిగతావన్నీ దానికోసం కూర్చుంటాయి. అందుకే జీపీయూ అంకె చూడమంటున్నా.

అలాగే ప్రీమియర్ నడుస్తున్నప్పుడు ర్యామ్ ఎంత నిండిందో కూడా చూసి రాయి.


రాత్రిపూట_రెండర్:

థాంక్స్ బాబాయ్, చూశా.

ఫోన్ క్లిప్ ప్లే చేస్తే వీడియో డీకోడ్ 30 దగ్గర ఆడుతోంది, ప్రాసెసర్ ప్రశాంతంగా ఉంది, క్లిప్ స్మూత్‌గా నడిచింది. కెమెరా క్లిప్ పెడితే వీడియో డీకోడ్ సున్నా!! అసలు కదలట్లేదు, ప్రాసెసర్ మాత్రం 100కి పోయి అక్కడే ఉంది. రెండూ 4కెనే కదా, ఇంత తేడా ఎందుకు?

గేమ్స్‌లో దాదాపు అన్నిట్లో జీపీయూ 98, 99. పెద్ద సిటీ ఉన్న ఓపెన్ వరల్డ్ గేమ్ ఒకదాంట్లో మాత్రం జనం ఎక్కువున్న చోట 70కి పడుతోంది. ర్యామ్ అయితే ప్రీమియర్, బ్రౌజర్ కలిపి తెరిస్తే నిండిపోతోంది.


ఫ్రేమ్‌పిచ్చి:

మీరు పెట్టిన ఆ "సున్నా" చూడగానే అర్థమైపోయిందండి. నేను రోజూ ఎడిటింగే చేస్తాను కాబట్టి ఈ విషయం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకుండా ఏ పార్ట్ కొన్నా డబ్బు సరైన చోటికి వెళ్లదు.

మీ ఫోన్ ఫుటేజ్ 4:2:0. అంటే వెలుతురు ప్రతి పిక్సెల్‌కీ రాసి, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒకటి రాస్తారు. మీ కెమెరాది 4:2:2, అందులో రెండు పిక్సెళ్లకి ఒక రంగు. కలర్ గ్రేడింగ్‌కి, గ్రీన్ స్క్రీన్‌కి ఇదే మంచిది, అందుకే కెమెరాల్లో ఇస్తారు. కానీ గ్రాఫిక్స్ కార్డుల్లో ఉండే డీకోడర్ వీడియో చూడటం కోసం పుట్టింది, జనం చూసే స్ట్రీమింగ్, డిస్కులు అన్నీ 4:2:0లోనే ఉంటాయి. అందువల్ల మీ 1660 సూపర్ మాత్రమే కాదు, ఆర్‌టీఎక్స్ 30 సిరీస్, 40 సిరీస్ కార్డులు కూడా 4:2:2ని డీకోడ్ చెయ్యవు. ఆ క్లిప్ రాగానే పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. పైగా ఈ ఫార్మాట్లలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు, ఎక్కువ ఫ్రేముల్లో ముందు వెనక ఫ్రేములతో వచ్చిన తేడా మాత్రమే ఉంటుంది. మీరు టైమ్‌లైన్ మధ్యలో ఎక్కడో నొక్కితే ఆ ఒక్క ఫ్రేమ్ చూపించడానికి దాని వెనకున్నవన్నీ విప్పుకుంటూ రావాలి. 3600కి ఇది ఒక లేయర్ అయితేనే కష్టం, రెండు లేయర్లంటే చెప్పక్కర్లేదు.

దీనికి హార్డ్‌వేర్ దారులు రెండు. ఒకటి ఇంటెల్ ప్రాసెసర్ లోపలుండే గ్రాఫిక్స్. డెస్క్‌టాప్‌లో 11వ జనరేషన్ నుంచి హెచ్ఈవీసీ (వీడియోని కుదించే ఒక పద్ధతి) 10 బిట్ 4:2:2ని అది డీకోడ్ చేస్తుంది, మీకు చెప్పిన క్విక్ సింక్ ఇదే. కాకపోతే పేరు చివర ఎఫ్ అని ఉన్న మోడల్స్‌లో ఆ గ్రాఫిక్స్ వాడటానికి ఉండదు, అంటే క్విక్ సింక్ కూడా లేనట్టే. రెండోది 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్. వీటి డీకోడర్‌లో హెచ్ 264 (హెచ్ఈవీసీకి ముందు తరం పద్ధతి), హెచ్ఈవీసీ రెండింటికీ 4:2:2 పెట్టారు.

ఇక్కడే మీరు ఒకటి కచ్చితంగా చూసుకోవాలి. మీ కెమెరా రాస్తున్నది హెచ్ 264నా, హెచ్ఈవీసీనా? ఉదాహరణకి సోనీలో ఎక్స్ఏవీసీ ఎస్ అంటే హెచ్ 264, ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ అంటే హెచ్ఈవీసీ. పానసోనిక్ జీహెచ్5 లాంటి వాటిలో 10 బిట్ 4:2:2 హెచ్ 264లోనే వస్తుంది. కానన్ ఆర్5, ఆర్6ల్లో 10 బిట్ హెచ్ఈవీసీ. మీది హెచ్ 264 10 బిట్ 4:2:2 అయితే, ఎడిటింగ్ అంటే ఇంటెల్ అన్న మాట విని 12వ, 13వ, 14వ జనరేషన్ ఇంటెల్ కొన్నా క్విక్ సింక్ దాన్ని ముట్టుకోదు, ఆ ఫార్మాట్ దానికి రాదు. ఒకే కెమెరాలో రెండు ఆప్షన్లూ ఉంటే సెట్టింగ్ మార్చి హెచ్ఈవీసీ పెట్టుకోవచ్చు.

ఏదైనా కొనేలోపు పని ఆగకూడదు కదా, ఈరోజే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం ఒరిజినల్ క్లిప్పులకి చేసుకునే తేలికైన కాపీలు, మొదలుపెట్టండి. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో కెమెరా క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్. ప్రోరెస్ ప్రాక్సీ లాంటి ఫార్మాట్, సైజు సగమో పావో పెట్టుకోండి. వాటిలో ప్రతి ఫ్రేమూ విడిగా పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎక్కడ నొక్కినా వెంటనే వస్తుంది. కట్ చేసేటప్పుడు ప్రాక్సీలు, కలర్ ఫైనల్‌గా చూసేటప్పుడు టాగుల్ బటన్‌తో ఒరిజినల్. ఎక్స్‌పోర్ట్ మామూలుగా ఒరిజినల్ నుంచే వెళ్తుంది. అయితే ప్రాక్సీ తయారయ్యేటప్పుడూ, చివరి ఎక్స్‌పోర్ట్ అప్పుడూ ఒరిజినల్‌ని విప్పాల్సిందే, అక్కడ ప్రాసెసర్ భారం అలాగే ఉంటుంది.

ఫోన్ క్లిప్పుల గురించి కూడా ఒక మాట. ఫోన్లు ఫ్రేమ్ రేట్‌ని పెంచుతూ తగ్గిస్తూ రికార్డ్ చేస్తాయి, దానివల్ల పొడవాటి క్లిప్పుల్లో మాటకీ పెదవులకీ మెల్లగా తేడా వచ్చేస్తుంది. అలా జరిగితే హ్యాండ్‌బ్రేక్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుని అప్పుడు టైమ్‌లైన్ మీద పెట్టండి.


కోర్‌లెక్క:

నేను మాత్రం ఏఎం5 అనే అంటాను. ఏఎం4 మొదటి ప్రాసెసర్లు 2016లో వచ్చాయి, పాపులర్ అయింది 2017లో రైజెన్‌తో. ఇప్పుడు అందులో పెట్టే ప్రతి రూపాయీ చివరి స్టాప్‌లో దిగిపోయే బస్సుకి టికెట్ కొన్నట్టే. ఏఎం5కి అయితే 2027 వరకూ, ఆ తర్వాత కూడా సపోర్ట్ అని ఏఎండీ చెప్పింది. 7700 లాంటి 8 కోర్లతో మొదలుపెట్టి తర్వాత అదే బోర్డులో పెద్దది వేసుకోవచ్చు. డిడిఆర్5 వస్తుంది, బోర్డుని బట్టి కార్డుకి పీసీఐఈ (బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా దారి) 4 లేదా 5 వస్తుంది, వేగమైన ఎన్వీఎంఈ ఎస్ఎస్‌డీలు పెట్టే స్లాట్లు ఎక్కువ వస్తాయి. ఎడిటింగ్ వృత్తిగా చేసేవాళ్లకి ఎక్స్‌పోర్ట్ టైమ్ అంటే డబ్బే కదా. 7900 అయితే 12 కోర్లు, అదీ 65 వాట్స్ టీడీపీలో, అంటే తక్కువ వేడితోనే.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, ఏఎం5లో ర్యామ్ రెండు స్టిక్కులే పెట్టాలి. తర్వాత ఇంకో రెండు కలుపుదాంలే అంటే నాలుగు స్టిక్కులతో స్పీడ్ బాగా కిందకి పడిపోతుంది. 32 కావాలంటే 16వి రెండు, 64 కావాలంటే 32వి రెండు, మొదటే డిసైడ్ అయిపోవాలి.


బయోస్‌బాబాయ్:

కోర్‌లెక్క చెప్పింది తప్పని నేను అనను. ఏమీ లేకుండా కొత్తగా కట్టేవాళ్లు అడిగితే నేనూ ఏఎం5 అనే చెప్తా. కానీ ఈ తమ్ముడి లెక్క వేరు. ఏఎం5కి మారాలంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకే దెబ్బకి కొనాలి, పాత డిడిఆర్4 అక్కడ పట్టదు. విడతలవారీగా కొంటానన్న మనిషికి మొదటి విడతే అంత పెద్దదైతే కార్డు ఎప్పటికి కొంటాడు? అన్నీ అయ్యాక కూడా అక్కడ ఉండేది అదే 1660 సూపర్, గేమ్‌లో అదే 99 శాతం. ఇంకో సంగతి, 7000 సిరీస్ రైజెన్‌లో చిన్న గ్రాఫిక్స్ ఉంటాయి కానీ అవి 4:2:2 డీకోడ్ చెయ్యవు. అంటే ఏఎం5కి మారినా కెమెరా క్లిప్‌కి వీడియో డీకోడ్ సున్నాయే. కోర్లు ఎక్కువ కాబట్టి కాస్త మెరుగవుతుంది, అంతే.

అందుకే నా మాట: ముందు కార్డు. గేమ్స్‌లో ఆపుతున్నది అదే అని నీ అంకెలే చెప్తున్నాయి, 4:2:2 విప్పే డీకోడర్ వచ్చేదీ దానితోనే. రేపు ఏఎం5కి వెళ్లినా, ఇంటెల్‌కి వెళ్లినా కార్డు తీసి అందులో పెట్టుకోవచ్చు. అందులో పెట్టినది ఎక్కడికీ పోదు.

ఏ కార్డు అంటే, నీకు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ. 16 అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, పెట్టె మీద చూసి తీసుకో. ఈ కార్డు పీసీఐఈ దారిలో ఎనిమిది లేన్లే (వరసలే) వాడుతుంది. కొత్త బోర్డులో ఎనిమిది లేన్లయినా ఇబ్బంది లేదు, కానీ నీ బి450 పీసీఐఈ 3, దాని మీద ఎనిమిది లేన్లంటే సెకనుకి సుమారు 8 జీబీ దారి. వీర్యామ్ (కార్డులోనే ఉండే మెమరీ, ఆ 16 జీబీ అదే) సరిపోయినంత సేపూ ఇది పెద్దగా తెలియదు. వీర్యామ్ నిండి సిస్టమ్ ర్యామ్ నుంచి లాక్కోవాల్సి వచ్చినప్పుడు ఆ ఇరుకు దారే గొంతు పట్టుకుంటుంది, గేమ్ టక్ టక్‌మని ఆగుతుంది. 8 జీబీ కార్డు 1440పీలో, అదీ పాత బోర్డు మీద, వద్దే వద్దు. 4కె టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ వేసినా అంతే, వీర్యామ్ తినేస్తుంది.

ఇంకాస్త పెట్టగలిగితే 5070 ఉంది, 12 జీబీ, పదహారు లేన్లు, గేమ్స్‌లో బాగా వేగం. 3600తో మాత్రం దాన్ని పూర్తిగా వాడుకోలేవు, ప్రాసెసర్ వెంటనే మార్చాల్సి వస్తుంది. ఏఎండీలో ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి పదహారు లేన్లు, నువ్వు గేమ్స్ ఒక్కటే ఆడేవాడివైతే నీ బోర్డుకి అదే సరిగ్గా సరిపోయేది. 4:2:2 అన్నావు కాబట్టి దాన్ని పక్కన పెట్టా.

ప్రాసెసర్ రెండో విడత. అందరూ 5800ఎక్స్3డి అంటారు, మంచి ప్రాసెసరే, 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) గేమ్స్‌కి బంగారం. కానీ ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం, పైగా ఆ క్యాష్ వల్ల ఎడిటింగ్‌కి ఒరిగేది పెద్దగా లేదు. 5700ఎక్స్3డి అయితే క్లాక్ 4.1 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, మామూలు 5700ఎక్స్ 4.6 వరకూ వెళ్తుంది, రెంటికీ కోర్లు ఎనిమిదే. 1440పీలో ఈ తరగతి కార్డుతో ఆడితే ఎక్కువ గేమ్స్‌లో మళ్లీ కార్డే ముందు అలసిపోతుంది, ఎక్స్3డి ఇచ్చే లాభం చాలావరకు కనిపించదు. రెండు పనులూ చేసే నీకు 5700ఎక్స్ చాలు. అదీ 65 వాట్స్ రకమే కాబట్టి మామూలు బి450 బోర్డు కూడా భయపడదు. 5950ఎక్స్ లాంటి 16 కోర్లది మాత్రం చవక బోర్డులో పెట్టకు, ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్ఎంలు కాలిపోయేంత వేడెక్కి క్లాక్ కిందకి వచ్చేస్తుంది.


రాత్రిపూట_రెండర్:

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు, ఇద్దరికీ చాలా థాంక్స్. కెమెరా మెనూ చూశా, నేను వాడుతున్నది హెచ్ 264 10 బిట్ 4:2:2నే. అంటే ఇంటెల్ కొని ఉంటే...

ప్రాక్సీలు చేశా, క్లిప్పులు తయారవడానికి చాలాసేపు పట్టింది కానీ ఇప్పుడు టైమ్‌లైన్ మీద స్క్రబ్ చేస్తుంటే నా సిస్టమేనా అనిపిస్తోంది.

కార్డు 5060 టీఐ 16 జీబీకి ఫిక్స్. రెండు డౌట్లు. పవర్ సప్లై 450 సరిపోతుందా? ఎన్వీఎంఈ వేస్తే ఎడిటింగ్ స్పీడ్ పెరుగుతుందా, పీసీఐఈ 4 ఎస్ఎస్‌డీలు సెకనుకి 7000 ఎంబీ అంటున్నారు కదా? ఇంకోటి, ప్రీమియర్ వదిలేసి ఫ్రీగా ఉన్న డావిన్చీ రిజాల్వ్‌కి మారితే ఎలా ఉంటుంది?


ఫ్రేమ్‌పిచ్చి:

రిజాల్వ్ చాలా మంచి సాఫ్ట్‌వేర్, కలర్ పనికి నేనూ అదే వాడతాను. కానీ మీ ఫుటేజ్‌కి ఫ్రీ వెర్షన్ కుదరదండి. హార్డ్‌వేర్ డీకోడ్ వేగం పూర్తిగా కావాలంటే స్టూడియో వెర్షన్ ఉండాలి, విండోస్ మీద ఫ్రీ వెర్షన్‌లో ఈ 10 బిట్ 4:2:2 కెమెరా ఫైళ్లు తరచూ బొమ్మ రాకుండా సౌండ్ మాత్రమే వస్తాయి. నాయిస్ రిడక్షన్ కూడా స్టూడియోలోనే. ఫ్రీ వెర్షన్‌లో అవుట్‌పుట్ 4కె యూహెచ్‌డీ 60 ఫ్రేముల వరకే. నేర్చుకోవాలనుంటే ఫోన్ ఫుటేజ్‌తో మొదలుపెట్టండి.

ఎస్ఎస్‌డీ సంగతి లెక్క వేసి చూద్దాం. కెమెరా 200 మెగాబిట్స్‌లో రాస్తోందనుకోండి, ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 25 మెగాబైట్లు. మామూలు హార్డ్ డిస్క్ కూడా ఒక క్లిప్‌ని అంత వేగంతో ఇవ్వగలదు, సాటా ఎస్ఎస్‌డీ 500 పైనే ఇస్తుంది. కాబట్టి 7000 అనే అంకె మీ టైమ్‌లైన్‌కి ఏమీ చెయ్యదు, పైగా బి450లో ప్రాసెసర్‌కి కలిసిన ఎం.2 స్లాట్ పీసీఐఈ 3, అక్కడ ఏది పెట్టినా 3500 దగ్గరే ఆగుతుంది. హార్డ్ డిస్క్‌తో అసలు కష్టం వేరే చోట ఉంది: మూడు నాలుగు క్లిప్పులు ఒకేసారి చదవాల్సి వచ్చినప్పుడు దాని హెడ్ అటూ ఇటూ తిరగాలి, అక్కడ చచ్చిపోతుంది. అందుకని ఒక 1 టీబీయో 2 టీబీయో ఎన్వీఎంఈ తీసుకోండి, లోపలి మెమరీ చిప్‌లు టీఎల్‌సీ రకం అయినది చూడండి. క్యూఎల్‌సీవి మొదట వేగంగానే ఉంటాయి, పెద్ద ఫోల్డర్ కాపీ చేస్తుంటే లోపలి క్యాష్ నిండగానే కొన్ని సాటా కన్నా కిందకి పోతాయి. నడుస్తున్న ప్రాజెక్టు, ప్రాక్సీలు, మీడియా క్యాష్ అన్నీ దాని మీద పెట్టండి. ప్రీమియర్ ఆ క్యాష్‌ని మొదట్లో సీ డ్రైవ్‌లోనే పెడుతుంది, ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్ దగ్గర దారి మార్చాలి. అయిపోయిన ప్రాజెక్టులు హార్డ్ డిస్క్‌కి తోసెయ్యండి, ఇంకో కాపీ విడిగా వేరే డిస్క్‌లో తప్పకుండా ఉంచండి.

మానిటర్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త. గేమింగ్ 1440పీ ప్యానెళ్లలో చాలావాటికి రంగుల పరిధి ఎస్ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్ల ప్రమాణం) కన్నా వెడల్పు. రంగులు గాఢంగా కనిపిస్తాయి, మీరు ఎక్కువైందనుకుని తగ్గిస్తారు, తీరా చూసేవాళ్ల ఫోన్లలో వీడియో వెలిసిపోయినట్టు ఉంటుంది. ఐపీఎస్, లోపల ఎస్ఆర్‌జీబీ మోడ్ ఉన్నది తీసుకుని ఎడిటింగ్ అప్పుడు ఆ మోడ్‌లో పెట్టండి, గేమ్ ఆడేటప్పుడు మీ ఇష్టం.


బయోస్‌బాబాయ్:

పవర్ సప్లై మార్చు తమ్ముడూ. కూడికలో చూస్తే 5060 టీఐ 180 వాట్స్, ప్రాసెసర్, మిగతావి కలిపి 450 లోపే వస్తుంది, కానీ ఎన్విడియా ఈ కార్డుకి 600 వాట్స్ సప్లై సూచిస్తోంది. కార్డులు రెప్పపాటులో మామూలు కన్నా చాలా ఎక్కువ లాగుతాయి, ఏళ్ల తరబడి నడిచిన 450 ఆ కుదుపుకి సిస్టమ్‌నే ఆపెయ్యొచ్చు. మంచి 650 తీసుకో, 750 అయితే ఏఎం5కి వెళ్లినప్పుడు కూడా పనికొస్తుంది. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా తగిలించే రకం) అయితే ఒక్క జాగ్రత్త ప్రాణం మీదకి వచ్చేది: పాత సప్లై కేబుళ్లు కొత్తదానికి తగిలించకు. ప్లగ్ సరిగ్గా పట్టినట్టే ఉంటుంది, సప్లై వైపు పిన్నుల వరస ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, 12 వోల్టులు పోకూడని చోటికి పోయి డిస్కులు కాలిపోతాయి. పాత కేబుళ్లన్నీ పీకేసి దానితో వచ్చినవే వాడు.

ప్రాసెసర్ మార్చే రోజు వచ్చినప్పుడు ఈ వరస తప్పకు. పాత 3600 బోర్డులో ఉండగానే బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్, 5000 సిరీస్ సపోర్ట్ ఉన్న వెర్షన్ అని బోర్డు కంపెనీ పేజీలో చూసుకుని. 5700ఎక్స్ పెట్టేశాక బొమ్మ రాకపోతే మళ్లీ పాతది పెట్టాలి, దండగ పని. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ వేరే చోట రాసి పెట్టుకో, ప్రాసెసర్ మారితే ఆ తాళం కీ దాచే లోపలి టీపీఎం కూడా మారినట్టే, విండోస్ ఆ కీ అడుగుతుంది. కూలర్ తీసే ముందు సిస్టమ్‌ని కాసేపు గేమ్‌తో వేడెక్కించి, ఆఫ్ చేసి ప్లగ్ పీకి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తియ్యి. నేరుగా పైకి లాగితే ఏఎం4లో పేస్ట్ పట్టుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగేది అప్పుడే. 5700ఎక్స్ పెట్టెలో కూలర్ రాదు, 3600తో వచ్చిన చిన్నది బిగించొచ్చు కానీ ఎక్స్‌పోర్ట్ అప్పుడు గోల పెడుతుంది, ఒక టవర్ కూలర్ పెట్టుకో.

ర్యామ్ 16వి రెండు ఉన్న కిట్, 3200 లేదా 3600. పాత 8లతో కలపకు. బయోస్ అప్‌డేట్ అయ్యాక ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆఫ్ అయిపోతుంది, మళ్లీ ఆన్ చెయ్, లేకపోతే 3200 కొని 2400లోనో 2666లోనో నడుపుతూ ఉంటావు.


కోర్‌లెక్క:

అంకెలు చూశాక నేనూ కార్డు ముందు అన్నదానికి ఒప్పుకుంటున్నా. ఒక సూచన మాత్రం: కార్డు, సప్లై, ఎన్వీఎంఈ అయ్యాక కొన్నాళ్లు వాడి చూడు, అప్పటికి ఎక్స్‌పోర్ట్ టైమ్ ఇంకా ఇబ్బంది పెడుతుంటే 5700ఎక్స్ ప్లస్ డిడిఆర్4 కిట్ ఒకవైపు, ఏఎం5 సెట్ ఇంకోవైపు పెట్టుకుని అప్పటి రేట్లతో పోల్చు. డిడిఆర్4 కిట్ కూడా కొనాల్సిందే కాబట్టి, ఏఎం4లో ప్రాసెసర్ ఒక్కటే ఖర్చు అన్న లెక్క పూర్తిగా నిజం కాదు.


రాత్రిపూట_రెండర్:

ఇది బాగుంది కోర్‌లెక్క గారు, ఆ పోలిక అప్పుడే చేస్తా. ముందు కార్డు, 650 సప్లై, తర్వాత ఎన్వీఎంఈ, మానిటర్. చివరిగా ఒక్కటి, పాత 1660 సూపర్‌ని రెండో స్లాట్‌లో ఉంచేసి డీకోడ్‌కి దాన్ని, గేమ్స్‌కి కొత్తదాన్ని వాడుకోవచ్చా?


ఫ్రేమ్‌పిచ్చి:

వద్దండి, తీసెయ్యండి. మీ 4:2:2ని అది విప్పలేదు, ఫోన్ క్లిప్పులకి కొత్త కార్డు డీకోడర్ ఒక్కటే ఎక్కువ. బి450లో రెండో పొడుగు స్లాట్ చాలా బోర్డుల్లో చిప్‌సెట్ నుంచి వచ్చే పీసీఐఈ 2, నాలుగు లేన్లు, దానికి తోడు కొత్త కార్డు ఫ్యాన్ల కిందే కూర్చుని గాలి ఆపుతుంది.

కార్డు పెట్టాక ప్రీమియర్‌ని తప్పకుండా అప్‌డేట్ చెయ్యండి, 50 సిరీస్ 4:2:2 డీకోడ్ 2025లో వచ్చిన 25.2 వెర్షన్ నుంచే ఉంది, పాత వెర్షన్‌లో కొత్త కార్డు ఉన్నా సున్నాయే చూపిస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో మీడియా దగ్గరికెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్ టిక్ ఉందో లేదో, అందులో ఎన్విడియా సెలెక్ట్ అయి ఉందో లేదో చూసుకుని ఒకసారి ప్రీమియర్ మూసి తెరవండి.